చేసినవాడు, చేయించినవాడు

‘రోడ్డు వేయింపబడినది’ వంటి వాక్యాలు మన చరిత్ర పుస్తకాలలోను, శిలాఫలకాల మీదను విరివిగా కనిపిస్తవి. వ్యాకరణరీత్యా వీటిలో దోషమేమీ లేదు. ‘వేయు’ ధాతువునకు ప్రేరణార్థంలో ‘ఇంచు’ చేరినది; దానిపై ‘పడు’ చేరి కర్మణి ప్రయోగమైనది. కాని వేసినదెవరు, వేయించినదెవరు అని అడిగితే ఆ వాక్యం నోరు మెదపదు.

జపాను భాషలో ఈ ప్రేరణ, కర్మణి కలిసినప్పుడు కథ వేరు. ‘హతరకు’ అంటే పనిచేయు. ‘హతరకసెరు’ అంటే పనిచేయించు. ‘హతరకసరెరు’ అన్నది ఆ ప్రేరణ మీద కర్మణి. నిర్మాణం మన ‘చేయింపబడు’ వంటిదే. అర్థం మాత్రం కాదు. మన వాక్యంలో ప్రథమా విభక్తి పనికి దక్కుతుంది. వారి వాక్యం ఆ పని చేయవలసి వచ్చిన మనిషిని గురించి మాట్లాడుతుంది. ఇష్టం లేకయే చేసినాడన్న ధ్వని కూడ సాధారణంగా అందులో ఇమిడి ఉంటుంది.

తెలుగులో ‘అధికారి కూలీలచేత రోడ్డు వేయించెను’ అన్నప్పుడు ఇద్దరూ ఉన్నారు. దానిని కర్మణిలోకి మార్చితే ‘అధికారిచేత కూలీలచేత రోడ్డు వేయింపబడెను’ అనవలసి వస్తుంది. రెండు ‘చేత’లు ఒక వాక్యంలో ఇమడవు. మొదట ఒకటి జారిపోతుంది. పిమ్మట రెండవదీ పోతుంది. మిగిలేది రోడ్డొక్కటే.

ఇది వట్టి వ్యాకరణ చర్చ కాదని నర్సీపట్నం వారికి వేరే చెప్పనక్కరలేదు. ఇక్కడి నుండి మన్యంలోకి వేసిన రోడ్డు పనికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండప్రజలను బలవంతాన దింపినాడు. ఈయవలసిన కూలి సరిగా ఈయలేదు. అల్లూరి సీతారామరాజు నాయకత్వాన 1922–24లో సాగిన మన్యం పోరాటానికి ఆ బాధ ఒక ముఖ్య కారణం. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషనుపై దాడి జరిగినది. ‘రోడ్డు వేయింపబడినది’ అని ఊరుకున్న పుస్తకం, ఆ దాడి ఎందుకు జరిగినదో పిల్లవానికి ఎట్లా చెప్పగలదు?

నేరం భాషది కాదు. పల్లెలో ఎవరూ ‘పని చేయింపబడినది’ అనరు. ‘మాచేత వెట్టి చేయించారు’ అంటారు. ఆ మూడు మాటలలో చేసినవారున్నారు, చేయించినవారున్నారు, బలవంతమూ ఉన్నది. ‘చేయవలసి వచ్చినది’ అన్నప్పుడు మాత్రం చేయించినవాడు మెల్లగా తప్పుకొంటాడు.

కావున కర్తరి వాక్యాన్ని కర్మణిలోకి మార్చుమని విద్యార్థులను అడిగే ఉపాధ్యాయులం, మార్పులో ఎవరు జారిపోయినారని కూడ అడగాలి. చరిత్ర వ్రాసేవారు ఆ జారిపోయిన ‘చేత’లు రెండింటినీ వెదకి తెచ్చి వాక్యంలో నిలపాలి. పేర్లు తెలియకపోతే ‘కొండప్రజలచేత’ అనియైనా వ్రాయవచ్చును. ఆ ఒక్క మాటకు పుస్తకంలో చోటు లేకపోలేదు.