కూలి బిడ్డలకు నాలుగే చోట్లా?
విదేశీ చదువుల వెనక ఉన్న లెక్కలు

ఇదివరకు కూలి సంఘం సమావేశాల్లో కూలి రేట్లు, ఇళ్ల స్థలాలు, రేషను కార్డులు, కౌలు గుర్తింపు గురించే అడిగేవారు. ఇప్పుడు మరో ప్రశ్న వస్తోంది. ఆమధ్య రాజోలు దీవిలోని ఒక పేటలో సమావేశం ముగించి లేస్తుంటే, కొబ్బరి ఒలుపు కార్మికుడొకాయన మమ్మల్ని పక్కకి పిలిచాడు.

"ఏవండీ, మా అమ్మాయి బీయెస్సీ అయ్యిందండి. ఇంగ్లండులో ఎమ్మెస్సీ సీటొచ్చిందని కాయితం చూపిస్తోందండి. అన్నీ కలిపి ఇరవై లక్షలవుద్దంట. నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇస్తామన్నోళ్లున్నారు. ఇల్లూ స్థలం కాయితాలు పెట్టమంటున్నారు. పెట్టమంటారా, వద్దంటారా?" అన్నాడు.

మా దగ్గర జవాబు లేదు. "కనుక్కుని చెబుతామండి" అని వచ్చేశాం. కనుక్కున్నాం. ఇది ఆ ఒక్క ఇంటి ప్రశ్న కాదు గనుక తెలిసింది ఇక్కడ రాస్తున్నాం.

మనకెందుకంటే కుదరదు

విదేశీ చదువులు ఉన్నవాళ్ల మోజు, కూలి సంఘానికి దాంతో ఏం పని అని మన మిత్రులే కొందరంటారు. ఈ మాట మేము ఒప్పుకోం. మన డెల్టా నుంచి పరదేశం పోవడం కొత్త కాదు. తాతల కాలంలో ఓడలెక్కి రంగం పోయి బియ్యం మిల్లుల్లో, రేవుల్లో బరువులు మోశారు. యుద్ధం వచ్చిన 1942లో ఎందరో ప్రాణాలరచేత పట్టుకుని తిరిగొచ్చారు. ఈ తరంలో రాజోలు, మలికిపురం, మామిడికుదురు వైపు నుంచి ఆడవాళ్లు కువైట్, మస్కట్ ఇళ్లల్లో వంటపనికి, పాచిపనికి పోతున్నారు. ఆ తల్లులు పంపిన డబ్బుతో డిగ్రీ చదివిన పిల్లలే ఈ రోజు విశ్వవిద్యాలయం తలుపు తడుతున్నారు. చాకిరీకి పోయినప్పుడు అడ్డం చెప్పనివాళ్లం చదువుకి పోతామంటే మోజు అనడం న్యాయమేనా?

మన జిల్లా పేరులోనే దీనికి జవాబుంది. 2022లో కోనసీమ జిల్లాకి డాక్టర్ అంబేద్కర్ పేరు పెడతామంటే, ఆ మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, శాసనసభ్యుని ఇల్లు తగలబెట్టారు. ఆ పేరు గల మనిషి 1913లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయానికి ఎలా పోయాడు? ఇల్లు తాకట్టు పెట్టి కాదు. బరోడా సంస్థానం నెలకి పదకొండున్నర పౌన్ల చొప్పున మూడేళ్లు ఉపకార వేతనం ఇచ్చింది. ఆ గడువు తీరేసరికి లండను చదువు మధ్యలో వదిలి 1917లో తిరిగి రావలసి వచ్చింది. బొంబాయి కాలేజీలో పాఠాలు చెప్పి కూడబెట్టి, కొల్హాపూరు శాహూ మహారాజు సాయంతో, ఒక స్నేహితుడిచ్చిన అప్పుతో 1920లో మళ్లీ వెళ్లి పూర్తి చేశాడు. అంతటి మేధావికే ప్రజాధనం ఆగిన రోజున చదువు ఆగింది. మేము గుర్తు పెట్టుకోమనేది ఇదే. పేదవాడి బిడ్డ విదేశీ చదువు ప్రజాధనంతో సాగాలి గాని, ఇంటి కాగితాలతో కాదు.

వడ్డీ లెక్క

ఇరవై లక్షల అప్పు, నూటికి రెండు రూపాయలు. నెలకి వడ్డీ 40 వేలు, ఏడాదికి 4 లక్షల 80 వేలు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకి 307 రూపాయలు. నూరు రోజులూ పని దొరికిందనుకున్నా ఆ కుటుంబానికి ఏడాదంతా కలిపి వచ్చేది 30,700. అంటే ఒక నెల వడ్డీకి కూడా చాలదు. పిల్ల విమానం ఎక్కిన రోజు నుంచి చదువు పూర్తయ్యి, ఉద్యోగం దొరికి, మొదటి జీతం చేతికందే వరకు ఈ వడ్డీ ఎవరు కడతారు? అసలు సంగతి తర్వాత.

బ్యాంకుకి వెళ్లమంటారు. చదువు అప్పు ఏడున్నర లక్షల వరకు తాకట్టు లేకుండా ఇవ్వడానికి కేంద్రం హామీ నిధి ఉంది. అది దాటితే స్థిరాస్తి చూపమంటారు. పేరున్న విశ్వవిద్యాలయాల్లో సీటొస్తే కొన్ని బ్యాంకులు తాకట్టు లేకుండా ఇస్తాయి గాని, ఆ సీట్లు అందరికీ వచ్చేవి కావు. ప్రభుత్వం ఇచ్చిన ఇంటి స్థలం పట్టా మీద చదువు అప్పంటే బ్యాంకు మేనేజర్లు వెనకాడతారు. కౌలు రైతు సంగతి సరేసరి. 2019 నాటి చట్టం ప్రకారం సాగుదారు హక్కు పత్రం కావాలంటేనే భూయజమాని సంతకం కావాలి. భూమి ఉన్నవాడి పిల్లకి బ్యాంకు, లేనివాడి పిల్లకి వడ్డీ వ్యాపారి. పంట అప్పులో ఎన్నాళ్లనుంచో చూస్తున్న అన్యాయమే చదువు అప్పులోనూ ఉంది.

ఉచితం అనేవాడి జీతం ఎక్కడిది?

అమలాపురం, రావులపాలెం రోడ్ల మీద విదేశీ చదువుల ఫ్లెక్సీలు మీరూ చూసే ఉంటారు. 'సలహా ఉచితం' అని రాస్తారు. మరి ఆ ఆఫీసు అద్దె, గుమాస్తాల జీతం ఎవరిస్తున్నారు? చాలా విదేశీ విశ్వవిద్యాలయాలు తమకి విద్యార్థిని చేర్చిన ఏజెంటుకి, మొదటి ఏడాది ఫీజులోంచి కమిషను ఇస్తాయి. అందుకే ఏజెంటు తనకి కమిషనిచ్చే చోట్లే చూపిస్తాడు, ఇవ్వని చోట్లు చెప్పడు. ఉపకార వేతనాల ఊసెత్తడు, అవి వస్తే అతనికేం మిగలదు గదా! అంబేద్కరూ పోయి చదివాడని చెప్పి చేర్పించేవాళ్లనీ చూశాం. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమంటే ఇదే. అందరూ మోసగాళ్లని మేము అనడం లేదు. వాళ్ల లాభం ఎక్కడుందో తెలుసుకుని మాట వినమంటున్నాం.

బ్రిటన్ వీసాకి సరిపడా డబ్బు వరుసగా 28 రోజులు ఖాతాలో ఉన్నట్టు చూపాలి. ఆ డబ్బు తామే సర్దుతామని, దానికో రుసుము గుంజే దళారులున్నారు. దొంగ కాగితాలని తేలితే వీసా పోవడమే కాదు, పదేళ్ల వరకు ఆ దేశం గడప తొక్కనివ్వరు. నష్టం పిల్లకే, దళారికి కాదు.

పాత అనుభవాలు మరిచిపోకూడదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద అమెరికా అధికారులు దాడి చేశారు. అది వీసాలమ్మే దుకాణమని తేలింది. అందులోని విద్యార్థుల్లో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. కొందరి కాళ్లకి రేడియో పట్టీలు కట్టారు. 2019లో మరీ ఘోరం. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో అమెరికా ప్రభుత్వమే ఉత్తుత్తి సంస్థ నడిపి, చేరిన విద్యార్థులను అరెస్టు చేసింది. అందులోనూ తెలుగువాళ్లే ఎక్కువ.

చదువు నిజమైనదే అయినా, తర్వాత పని దొరుకుతుందన్న భరోసా సన్నగిల్లింది. కెనడా 2024లో విదేశీ విద్యార్థుల సంఖ్యకి పరిమితి పెట్టింది. అమెరికా 2025లో విద్యార్థి వీసా ఇంటర్వ్యూలకు కొత్త తేదీలివ్వడం కొన్ని వారాలు ఆపేసింది. ఆ సెప్టెంబరులో హెచ్‌-1బి కొత్త దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించింది. బ్రిటన్ చదువయ్యాక ఉండనిచ్చే రెండేళ్లను, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు పెట్టేవారికి 18 నెలలకు కుదించింది, పీహెచ్‌డీ వాళ్లకు తప్ప. అక్కడి ప్రభుత్వాలు ఎప్పుడు ఏ గేటు మూస్తాయో మన చేతిలో లేదు. వడ్డీ మాత్రం నెలనెలా వస్తుంది.

ఉన్న దారులేవి?

కేంద్ర సామాజిక న్యాయ శాఖ నడిపే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. ఎమ్మే, ఎమ్మెస్సీ లాంటి పీజీ చదువులకు, పీహెచ్‌డీకి ఇస్తారు. పూర్తి ఫీజు, విమాన ఛార్జీ, వీసా ఖర్చు, వైద్య బీమా, పైన జీవన భృతి బ్రిటన్‌లో ఏడాదికి 9,900 పౌన్లు, అమెరికాలో 15,400 డాలర్లు. తాకట్టుతో పని లేదు. అర్హతలు: డిగ్రీలో 60 శాతం మార్కులు, 35 ఏళ్ల లోపు వయస్సు, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు, క్యూఎస్ ర్యాంకుల్లో మొదటి 500లో ఉన్న విశ్వవిద్యాలయంలో షరతుల్లేని ప్రవేశ పత్రం. 30 శాతం ఆడపిల్లలకి.

ఏడాదికి మొత్తం 125 మంది. ఎస్సీలకు 115, సంచార, విముక్త జాతులకు 6. మిగిలిన నాలుగు ఎవరికో తెలుసా? భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలకీ, సంప్రదాయ చేతివృత్తుల వారి పిల్లలకీ కలిపి. 2011 జనాభా లెక్కల్లో ఈ దేశంలో వ్యవసాయ కూలీలు 14 కోట్ల 43 లక్షలు. వాళ్ల బిడ్డలకి నాలుగు చోట్లు, అదీ చేతివృత్తులతో పంచుకుని! ఆ 125కైనా డబ్బు సవ్యంగా వస్తోందా? 2025 జులైలో 106 మందిని ఎంపిక చేసి, మొదట 40 మందికే ఉత్తరాలిచ్చారు. తక్కినవారికి నిధులుంటే చూస్తామన్నారు. ఇది పత్రికలకెక్కి గొడవయ్యింది.

ఇక రాష్ట్రం. పాత అంబేద్కర్ విదేశీ విద్యా నిధి స్థానంలో 2022లో వేరే పేరుతో పథకం తెచ్చారు. మొదట 200 ర్యాంకుల లోపు అన్నారు, కొద్ది నెలల్లోనే సబ్జెక్టు వారీగా మొదటి 50 అని బిగించారు. ఫలం అందింది రాష్ట్రం మొత్తం మీద కొన్ని వందల మందికే. మైనారిటీ పిల్లల విదేశీ చదువు అప్పు మీద వడ్డీ కట్టే 'పఢో పర్‌దేశ్' పథకాన్ని కేంద్రం 2022-23 నుంచి ఆపేసింది.

ఇవిగాక ఐరోపా వాళ్ల ఎరాస్మస్ ముండస్ ఉంది. ఎంపికైతే ఫీజు లేదు, నెలకి 1,400 యూరోలు ఇస్తారు. రెండేళ్ల ఉద్యోగానుభవం ఉన్నవాళ్లకి బ్రిటన్ చీవ్‌నింగ్ ఉంది. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటిలో ఫీజు లేదన్నది నిజమే గాని, ఏడాది ఖర్చుకి 11,904 యూరోలు ముందుగా ఖాతాలో వేసి చూపాలి. మన డబ్బుల్లో పది లక్షలకి పైమాటే. ఆ సంగతి తెలిశాకే ముందుకెళ్లాలి.

మన తప్పు

ఇవన్నీ తిరిగి కనుక్కుంటున్నప్పుడు మాకు సిగ్గేసింది. భూమిలేని కూలీల పేరున ఒక పథకం ఉందని, ముప్పై ఊళ్లు తిరిగే మాకే ఇన్నాళ్లూ తెలియదు. సంఘం ఆఫీసు గోడ మీద ఒక్క ఏడాదైనా ఆ ప్రకటన అంటించలేదు. ఏజెంటు ఫ్లెక్సీ ఊరూరా కట్టాడు, మనం ఒక్క కరపత్రం వెయ్యలేదు. పిల్లలు అటు పోక ఎటు పోతారు?

కాబట్టి ముందు మనం చెయ్యాల్సిన పని. డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్న కూలి బిడ్డల పేర్లు ప్రతి ఊరి సంఘం రాసుకోవాలి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు, పాస్‌పోర్టు, భూమి లేదన్న తహసీల్దారు పత్రం ఏడాది ముందే తీసి పెట్టించాలి. ఈ స్కాలర్‌షిప్ ప్రకటన సాధారణంగా ఏడాది మొదటి నెలల్లో వస్తుంది. అప్పటికి ప్రవేశ పత్రం చేతిలో ఉండాలంటే ముందటి శీతాకాలంలోనే దరఖాస్తు వెళ్లాలి. ఎందుకు చదవాలనుకుంటున్నారో రాసే ఉత్తరం పిల్ల సొంత మాటల్లో రాయాలి. ఏజెంటు ఇచ్చిన నమూనా దించితే పట్టుబడుతుంది. ఒలుపు షెడ్డులో తల్లితోపాటు కూర్చుని చదివిన పిల్లకి రాసుకోడానికి తన కథే ఉంది. సిఫారసు లేఖలిచ్చే అధ్యాపకుల దగ్గరకి ముందుగా పంపాలి, ఆఖరి వారంలో కాదు.

రెండోది పోరాటం. భూమిలేని కూలీల కోటా నాలుగు నుంచి పెంచాలి, చేతివృత్తుల వారికి వేరుగా ఇవ్వాలి. ఎంపిక చేసిన ప్రతి ఒక్కరికీ ప్రయాణానికి ముందే నిధులు విడుదల చెయ్యాలి. భూమిలేని కుటుంబాల పిల్లల చదువు అప్పుకి, ఏడున్నర లక్షలు దాటినా ప్రభుత్వమే హామీ ఉండాలి. ఇంగ్లీషు పరీక్షకే పద్దెనిమిది వేలవుతోంది. అలాంటి తొలి ఖర్చులు ముందుగా ఇవ్వాలి. అంబేద్కర్ పేరున్న ఈ జిల్లాలో ప్రతి ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో విదేశీ చదువుల సలహా కేంద్రం పెట్టాలి. కన్సల్టెన్సీలు ఎవరి దగ్గర ఎంత కమిషను తీసుకుంటున్నాయో బోర్డు మీద రాయించాలి.

ఆ ఇంటికి మేమేం చెప్పాం?

మళ్లీ ఆ పేటకి వెళ్లాం. ఇంటి కాగితాలు ఇవ్వొద్దని చెప్పాం. సీటు వచ్చే ఏడాదికి వాయిదా వేయమని విశ్వవిద్యాలయానికి రాయమన్నాం, చాలా చోట్ల ఒప్పుకుంటారు. ఈలోపు స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు పెడదామన్నాం. తండ్రి తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. అమ్మాయికి మాత్రం కోపం వచ్చింది.

"ఏడాదంటే మీకు తేలికేనండి. ఈ ఏడాదిలో నాకు పెళ్లి చేసేస్తారు. స్కాలర్‌షిప్ వచ్చుద్దని మీరు రాసిస్తారా?" అంది.

రాసివ్వలేం. వస్తుందని ఎవరూ చెప్పలేరు. ఆ అమ్మాయి అడిగింది న్యాయమే. అప్పు చెయ్యొద్దని చెప్పి ఇంటికొచ్చి పడుకుంటే సంఘం బాధ్యత తీరదు. ఆ ఏడాది ఆ పిల్ల చదువుకోడానికి చోటు, దరఖాస్తుకి తోడు, పెళ్లి మాటెత్తినవాళ్లకి సమాధానం, ఇవన్నీ సంఘమే చూసుకోవాలి. ఆ మాట తండ్రి ముందు, పేట పెద్దల ముందు ఒప్పుకుని వచ్చాం. ఇప్పుడు ఆ దరఖాస్తు కాగితాలు మా సంచిలో ఉన్నాయి. మీ ఊళ్లో అలాంటి పిల్లలెవరో కనుక్కోండి.