రక్తపింజర కాటు: ఇరవై నిమిషాల పరీక్ష అడగండి

వానలు పడ్డాయి. మన రైల్వే కాలనీలో మథురాకాటి, నింపురా, ఓల్డ్ సెటిల్‌మెంట్ వైపు క్వార్టర్ల వెనక తుప్పలు నడుమెత్తు లేచాయి. తాళాలు పడ్డ క్వార్టర్లలో ఎలుకలు చేరాయి. ఎలుకలున్నచోటికి రక్తపింజర వస్తుంది. వరికోతలయ్యేదాకా ఈ భయం తప్పదు. రాత్రి డ్యూటీలో ట్రాక్ మీద నడిచేవాళ్లకీ, వేకువనే పెరట్లోకి వెళ్లే ఆడవాళ్లకీ ముందే చెబుతున్నాం: కాటు పడితే మంత్రాలేసే ఓఝా గుమ్మం తొక్కకండి, సరాసరి ఆస్పత్రికి వెళ్లండి. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుకు ఏటా సగటున 58,000 మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా.

ఇక్కడి బెంగాలీలు చంద్రబోడా అనే ఈ పాము మనకు కొత్తది కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో మన తాతలు వదిలివచ్చిన శ్రీకాకుళం, విశాఖ పొలాల్లోనూ ఇదే ఉంది. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో ఉండి పాములను పరిశీలించాడు. 1796 నాటి పుస్తకంలో దీన్ని అక్కడివాళ్లు పిలిచే 'కాటుక రేకుల పొడ' పేరుతోనే రాశాడు. తర్వాత పాముకే ఆయన పేరు పెట్టారు.

కాటు చూడ్డానికి చిన్నదే. రెండు గాట్లు, కాస్త వాపు. 'ఏం కాలేదులే' అని కూర్చునేది ఇక్కడే.

మామూలుగా నెత్తురు గడ్డకట్టాలంటే ముందు రక్తనాళం తెగాలి. నాళం లోపొరకు ఆవల ఉండే కణాల మీద టిష్యూ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ ఉంటుంది. పారే రక్తానికి అది తగలదు. గోడ తెగితేనే తగులుతుంది. అప్పుడు రక్తంలోని ఏడో ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ దానికి అతుక్కుంటుంది. రెండూ కలిసి పదో ఫ్యాక్టర్‌ను లేపుతాయి. దానివల్ల త్రాంబిన్ పుడుతుంది. త్రాంబిన్ ఫైబ్రినోజెన్‌ను ఫైబ్రిన్ దారాలుగా మారుస్తుంది. అప్పటికే తెగినచోట గుమిగూడిన ప్లేట్‌లెట్లను ఆ దారాలు గట్టిగా పట్టి ఉంచుతాయి. గాయం ఉన్నచోటే గడ్డ పడుతుంది.

రక్తపింజర విషానికి గాయంతో పనిలేదు. అందులో ఒక ప్రోటీన్ పదో ఫ్యాక్టర్‌ను, మరొకటి ఐదో ఫ్యాక్టర్‌ను నేరుగా లేపుతాయి. దొంగ హూటర్‌కి రిలీఫ్ ట్రైన్ సెక్షనంతా తిరిగి సరంజామా ఖాళీ చేసుకున్నట్టు, ఫైబ్రినోజెన్ ఒళ్లంతా ఖర్చయిపోతుంది. ఆ తర్వాత చిగుళ్లలో, మూత్రంలో, ఒక్కోసారి మెదడులో నెత్తురు కారినా ఆగదు. కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ దాకా పోవచ్చు. ఈ విషంలో గడ్డకట్టించే గుణం ఎంత గట్టిదంటే, 1934లో మాక్‌ఫార్లేన్, బార్నెట్ అనే ఇంగ్లండ్ వైద్యులు దాన్ని బాగా పలచన చేసి, హీమోఫీలియా రోగుల గాయాల మీద రక్తం ఆపడానికి వాడి చూశారు.

కాబట్టి బ్లేడుతో కోయకండి. కోసిన గాటు ఇక మానే దారి లేక కారుతూనే ఉంటుంది. నోటితో పీల్చకండి, తాడు బిగించకండి. ఎవరైనా అప్పటికే బిగించి ఉంటే దారిలో విప్పకండి, ఆస్పత్రిలో వైద్యులే విప్పాలి. నొప్పి అని ఆస్పిరిన్ ఇవ్వకండి. ఉంగరాలు, గాజులు, పట్టీలు తీసేయండి. కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి, నడిపించకుండా మోసుకెళ్లండి. పామును చంపి తేవాలని చూస్తే రెండో మనిషి కాటు తింటాడు.

ఆస్పత్రిలో ఒక పరీక్ష అడగండి. రెండు మిల్లీలీటర్ల రక్తాన్ని శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో పోసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి ఒకసారి వంచి చూస్తారు. గడ్డ కట్టలేదంటే విషం ఎక్కినట్టే. గొట్టం గాజుదే కావాలి. గాజు తగిలితేనే పన్నెండో ఫ్యాక్టర్ లేచి గడ్డ మొదలవుతుంది; ప్లాస్టిక్‌లో ఫలితం తప్పుతుంది. విషానికి విరుగుడు యాంటీ స్నేక్ వీనం ఒక్కటే, మొదట 8 నుంచి 10 వయల్స్. పిల్లలకూ అదే మోతాదు. అది విషాన్ని అణుస్తుందే తప్ప పోయిన ఫైబ్రినోజెన్‌ను తిరిగి ఇవ్వదు, అది లివర్ పని, దానికి సమయం పడుతుంది. అందుకే ఆరు గంటలయ్యాక మళ్లీ పరీక్ష చేయాలి. ఈ మందు తయారీకి కావలసిన విషం ఎక్కువగా తమిళనాడు పాముల నుంచి తీస్తారు. బెంగాల్ పాముల మీద అది అంత బాగా పనిచేయడం లేదని ఇక్కడి వైద్యులు కొందరు ఎప్పటినుంచో అంటున్నారు. రెండో పరీక్ష వదిలేయకూడదనడానికి అదొక కారణం.

రైల్వే ఆస్పత్రిలో, సబ్ డివిజనల్ ఆస్పత్రిలో రాత్రిపూట కూడా ఈ మందు, గాజు గొట్టాలు సిద్ధంగా ఉంటాయా అని యూనియన్లు ఈ వారమే రాతపూర్వకంగా అడగాలి. లేదంటే కంసావతి దాటి మిద్నాపూర్ మెడికల్ కాలేజీకి పరుగు. ఆ దారిలో పోయే సమయం రోగిదే. తుప్పలు కొట్టించడం మాత్రం ఇంజనీరింగ్ విభాగం పని, దానికి ఎవరికైనా కాటు పడేదాకా ఆగనక్కర్లేదు.

ఇంకో ప్రమాదం. నేల మీద పడుకున్నప్పుడు కట్లపాము కరిస్తే గాటు కూడా కనబడకపోవచ్చు, ఈ పరీక్షలో రక్తం మామూలుగానే గడ్డకడుతుంది. కనురెప్పలు వాలినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే డాక్టరుకు చెప్పండి. పరీక్ష బాగుందని అర్ధరాత్రి ఇంటికి తెచ్చేయకండి. 24 గంటలు ఆస్పత్రిలోనే ఉంచమనండి.