మాటలేని మేళం

తెలుగువానికి మాట మీద మక్కువ ఎక్కువ. పద్యం వింటే తల ఊపుతాడు. పాట వింటే పల్లవి పట్టుకొని నాలుగు రోజులు కూనిరాగం తీస్తాడు. హరికథ అయితే తెల్లవారేదాకా కూర్చుంటాడు. కాని మాట లేని సంగీతం ముందు కూర్చోబెడితే కాసేపటికే దిక్కులు చూస్తాడు. వీణ కచేరీలో సైతం "ఇది ఏ కీర్తన?" అని ప్రక్కవానిని అడిగి, పేరు తెలిసిన తరువాతనే స్థిమితపడతాడు. సాహిత్యం తెలిస్తేనే సంగీతం తెలిసినట్టని భావించడం మన అలవాటు. అన్నమయ్య, క్షేత్రయ్య, త్యాగయ్య వంటి మహానుభావులు మాటనూ రాగాన్నీ విడదీయరానంతగా కలిపి ఇచ్చినందువల్ల ఏర్పడిన అలవాటు ఇది. తప్పు పట్టవలసినది కాదు. అయితే దీని వల్ల ఒక గొప్ప సంతోషం మనకు దక్కకుండా పోతున్నది. ఆ సంతోషానికి దారి సంగీత కళాశాలలో కంటె ముందు తెలుగు తరగతి గదిలో ఉన్నదంటే ఉపాధ్యాయులు ఆశ్చర్యపడవచ్చు.

అమెరికాలో 1990 ప్రాంతంలో కొందరు యువకులు గిటారులు, డ్రమ్ములు పట్టుకొని వింత సంగీతమొకటి మొదలుపెట్టారు. రాక్ సంగీతానికి మామూలు నడక నాలుగు దెబ్బలది. వింటుంటే కాలు దానంతట అదే ఆడుతుంది. వీరు ఆ నడకను కాదని అయిదు, ఏడు, పదకొండు దెబ్బల నడకలు పట్టారు. ఒకే రచనలో నడక మార్చారు. ఒక వాద్యం ఏడింట, మరొకటి నాలుగింట నడిచేటట్లు కూర్చారు. ఈ ధోరణికి 'మ్యాథ్ రాక్', అనగా లెక్కల రాక్, అన్న పేరు స్థిరపడింది. ఆ పేరులో మెప్పు సగం, వేళాకోళం సగం. పిట్స్‌బర్గ్ నగరంలో 1991లో ఏర్పడిన డాన్ కబలేరో, టోక్యోలో 2000లో ఏర్పడిన టో ఈ త్రోవలో పేరు పొందిన బృందాలు. మొదటి బృందానికి ఆ తొలి సంవత్సరాలలో పాటగాడే లేడు. రెండవదానిలో పాట ఉన్నా అరుదు. తీగలూ డ్రమ్ములూ తమలో తాము మాట్లాడుకొంటాయి, అంతే.

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఆత్మకూరు ప్రాంతంలో, సోమశిల ఆనకట్ట ఉన్న మండలానికి ముఖ్యస్థానం అనంతసాగరం. అక్కడ తొమ్మిదో పదో తరగతి చదువుకొంటున్న బాలుడు సెల్‌ఫోనులో ఏదో వెదుకుతూ అనుకోకుండా ఇటువంటి బృందాన్ని విన్నాడనుకొందాము. మొదట అయోమయం. కాలు ఆడించబోతాడు, దెబ్బ వేరేచోట పడుతుంది. వీళ్ళకు తాళం రాదు కాబోలు అనుకొంటాడు. కాని రెండవసారీ మూడవసారీ తప్పు అదే చోట పడుతుంది. మాటిమాటికీ ఒకేచోట పడేది తప్పు కాదు, ఏర్పాటు. వ్రేళ్ళు మడిచి లెక్కపెడతాడు. ఏడు. మళ్ళీ ఏడు. ఆ ఏడులో ముందు మూడు, తరువాత నాలుగు. అంతే! ఇంతసేపూ చెదిరిన పూసల వలె ఉన్న ధ్వనులన్నీ ఒక్కసారిగా దారానికి ఎక్కుతాయి. ఎవరూ చెప్పని సంగతిని తనంత తాను పట్టుకొన్నవాని సంతోషం అది. లెక్క తేలినప్పటి సంతోషమూ, పాట నచ్చినప్పటి సంతోషమూ అందులో కలిసి ఉన్నవి. పరీక్షలో నూటికి నూరు వచ్చినా ఆ బాలునికి అటువంటిది కలగదు.

ఆ బృందం ప్రతిభ అతనికి తెలియడం ఇంకా తరువాత. గిటారు ఏడేసి దెబ్బల చొప్పున, డ్రమ్ములు నాలుగేసి దెబ్బల చొప్పున బయలుదేరితే, రెండూ ఒక్కచోట దిగేది ఇరవై ఎనిమిదవ దెబ్బ దాటిన తరువాత. ఏడు రోజులకొకసారి నీటి వంతు వచ్చే రైతూ, నాలుగు రోజులకొకసారి వచ్చే రైతూ ఇరవై ఎనిమిదవనాడు కాలువ గట్టున కలుసుకొన్నట్టు. నడుమ ఎవరి త్రోవ వారిదే. పోట్లాడుకొంటున్నట్టే ఉంటుంది. ఆ కలుసుకొనే చోటు వస్తుందని ఎదురుచూడడమూ, అది వచ్చినప్పుడు ఉలికిపడడమూ ఈ సంగీతానికి ప్రాణం. మంచి బృందం ఆ ఎదురుచూపును ఎంతసేపు నిలపవలెనో ఎరుగును.

ఇంతకూ ఆ బాలునికి ఏడు కొత్తదా? గురజాడ అప్పారావుగారు 1910లో పట్టుకొన్న ముత్యాలసరం నడక మూడు, నాలుగు మాత్రల జతలే కదా! వృషభగతి రగడదీ అదే నడక. సంగీతంలో దానిని మిశ్రగతి అంటారు. మిశ్రచాపు తాళానికి ఆధారం అదే. డోలు నేర్చేవాడు దానినే 'తకిట తకధిమి' అని ముందు నోటితో చెప్పి, తరువాత చేతితో వాయిస్తాడు. తెలుగు తరగతిలో ముత్యాలసరం చదివిన పిల్లవాడు ఆ ఏడును అదివరకే ఎరుగును. ఎరిగినట్టు అతనికి తెలియదు, అంతే.

తెలియకపోవడానికి కారణం వెదకడానికి దూరం పోనక్కరలేదు. ఛందస్సు పాఠం ఇప్పుడు గీతల పాఠం అయినది. గురులఘువులు గుర్తించడం, గణాలు విభజించడం, పద్యం పేరు వ్రాయడం, మార్కులు తెచ్చుకోవడం. గీతలు మిగిలినవి, నడక పోయినది. 'యమాతారాజభానసలగం' అన్న పది అక్షరాల సూత్రంలో ఎనిమిది గణాలూ ఒకదానిలో ఒకటి అల్లుకొని ఉన్న చమత్కారాన్ని ఎంతమంది పిల్లలకు చూపుతున్నారు? కందంలో వచ్చే గగ, భ, జ, స, నల అన్న అయిదు గణాలు ఎవరో ముచ్చటపడి ఏరిపెట్టినవి కావు. నాలుగు మాత్రలను గురువులతో, లఘువులతో నింపడానికి ఉన్న మార్గాలే అయిదు. ఆరవది వెదికినా దొరకదు. మూడు మాత్రలకు మూడు మార్గాలు, అయిదింటికి ఎనిమిది, ఆరింటికి పదమూడు. వరుసలో రెండు సంఖ్యలు కూడితే తరువాతది వస్తుంది. ఇటలీ దేశపు ఫిబొనాచి 1202లో కుందేళ్ళ లెక్కగా చెప్పిన ఈ వరుసను 12వ శతాబ్దిలోనే హేమచంద్రుడు ఛందశ్శాస్త్రంలో చెప్పినాడు. ఆయనకు ముందే విరహాంకుడు చెప్పినాడు. ఒక గదిలో లెక్కల ఉపాధ్యాయుడు, ప్రక్క గదిలో తెలుగు ఉపాధ్యాయుడు ఒకే పాఠం చెబుతూ ఒకరి సంగతి ఒకరు ఎరుగకుండా ఉండడం వింత. గణం, గణితం ఒకే కుటుంబపు మాటలు.

తేటగీతి ఇంకా చిత్రమైనది. ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. సూర్యగణానికి ఎప్పుడూ మూడు మాత్రలే. ఇంద్రగణానికి నాలుగో అయిదో. అందువల్ల తేటగీతి పాదం ఒకసారి పదిహేడు మాత్రలు, ఒకసారి పద్దెనిమిది, ఒకసారి పందొమ్మిది. పాదపాదానికీ కొలత మారుతున్నా చెవికి ఒడుదుడుకు తోచదు. మ్యాథ్ రాక్ కుర్రవాళ్ళు నడక మార్చి మార్చి సాధించదలచినది ఇదే. తేటగీతులు పాడుకొంటూ పెరిగిన జాతికి ఆ సంగీతం పరాయిది కానక్కరలేదు.

కందం దగ్గరకు మళ్ళీ వస్తే, మొదటి పాదంలో మూడు గణాలు, రెండవ పాదంలో అయిదు. గణానికి నాలుగేసి మాత్రలు. సగం పద్యానికి సరిగా 32 మాత్రలు. ఆదితాళానికి ఎనిమిది క్రియలు. క్రియకు నాలుగేసి అక్షరాలు వేసుకొంటే ఒక ఆవర్తనానికి సరిగా 32. డోలు వాద్యకారుడు ఈ 32లో పది అక్షరాల పలుకొకటి మూడుసార్లు వాయిస్తాడు. పలుకుకూ పలుకుకూ నడుమ ఒక్కొక్క అక్షరం ఊరుకొంటాడు. మూడు పదులు ముప్పది, ఊరుకొన్నవి రెండు. మూడవ పలుకు ముగిసేసరికి తాళం మొదటి దెబ్బ మీద దిగుతాడు. పలుకు ఎనిమిది అక్షరాలదైతే నడుమ నాలుగేసి విడుస్తాడు, ఆరైతే ఏడేసి. ముక్తాయింపు అన్నదానికి మొదటి మెట్టు ఇది. వాద్యకారుడు దీనిని ఎక్కడా వ్రాసుకోడు. మనస్సులోనే వేసి, ఒక చేత పుల్లతో, మరొక చేతి వ్రేళ్ళకు తొడుగులు తొడుక్కొని, పెళ్ళిపందిట్లో నాలుగువందల మంది కబుర్లాడుకొంటుండగా వేసి చూపుతాడు.

వినేవాడు లేడు. అసలు విషాదం అక్కడ ఉన్నది. రెండు సన్నాయిలు, రెండు డోళ్ళు, శ్రుతి, తాళం: ఇది మన ఊళ్ళ మాటలేని బృందం. నాయీబ్రాహ్మణ కుటుంబాలు, ముస్లిం కుటుంబాలు తరతరాలుగా ఈ విద్యను నిలబెట్టినవి. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా అటువంటి కుటుంబం నుంచి వచ్చి, శ్రీరంగంలో స్థిరపడి, నాదస్వరానికి పెట్టని కోట అయిన తమిళదేశాన్నే మెప్పించినారు. 1977లో పద్మశ్రీ అందుకొన్నారు. 1999లో కన్నుమూశారు. ఆయన వంటివారిని కన్న నేల మీద మేళగాండ్రను పందిరి చివర కూర్చోబెట్టి, తాళి కట్టే వేళకు "గట్టిమేళం!" అని కేకవేయడంతో మన రసజ్ఞత పూర్తి అవుతున్నది. మంగళవాద్యం కావలెను, వాయించేవానికి మర్యాద మాత్రం అక్కరలేదు. ఇప్పుడు ఆ కేక వేయవలసిన అవసరం కూడ తగ్గుతున్నది. అద్దెకు తెచ్చిన పెట్టెలు పందిరి దడదడలాడిస్తున్నవి. వినేవాడు లేనప్పుడు వాద్యకారుడు ముక్తాయింపులు మానుకొని సినిమా పాటల వరుసలు వాయిస్తాడు. అతనిని తప్పుపట్టే అధికారం ఎవరికి ఉన్నది?

పరాయి చెవి కొన్నిసార్లు మన సొత్తును ముందుగా గుర్తిస్తుంది. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ కథలో ఈ అంశం కొంత ఉన్నది. మాండలిన్ పాశ్చాత్య వాద్యం. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి ఆ వాద్యం రాదు; ఆయన పాడేవారు, బాలుడు విన్నది విన్నట్టు తీగ మీద పలికించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాలలో తొమ్మిదేళ్ళవాడుగా కచేరీ చేశాడు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించి అక్కడివారిని ముగ్ధులను చేశాడు. బెర్లిన్ శ్రోతలకు త్యాగయ్య తెలియదు, తెలుగు తెలియదు. ఆ తరువాత ఆంగ్లేయ గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా విద్వాంసుడు జాకీర్ హుసేన్‌లతో రిమెంబర్ శక్తి బృందంలో చేరి దేశదేశాలు తిరిగాడు. మెక్‌లాఫ్లిన్ 1971లోనే మహావిష్ణు ఆర్కెస్ట్రా అన్న బృందాన్ని ఏర్పరచి, బేసి లెక్కల నడకలకు పాశ్చాత్య యువకుల చెవులు అలవాటు చేసినవాడు. ఇటువంటివానికీ పాలకొల్లు కుర్రవానికీ మాటతో పనిలేకుండా వేదిక మీద స్నేహం కుదరడానికి కారణం ఒకటే: ఇద్దరూ ఒకే లెక్కను ఎరుగుదురు. శ్రీనివాస్ 2014లో, నలభై అయిదేళ్ళకే, చెన్నైలో మరణించాడు. ఆయన వాయించినవి నేడు ఎవరైనా వినవచ్చు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. సంగీతం రసానికి గాని లెక్కకు కాదు; వ్రేళ్ళు మడుస్తూ వినేవానికి రాగమేమి తెలుస్తుంది? ఈ మాటలో నిజం లేకపోలేదు. మ్యాథ్ రాక్ పేరుతో వెలువడే రచనలలో కేవలం సాముగరిడీలు తక్కువేమీ కావు. తని ఆవర్తనంలో సభను మరచి లెక్కల కుస్తీ పట్టే మృదంగ విద్వాంసులూ ఉన్నారు. యతిప్రాసలు సరిపోయినంత మాత్రాన పద్యం కవిత్వం కాదని తెలుగు ఉపాధ్యాయునికి వేరే చెప్పనక్కరలేదు. అయితే యతిప్రాసలు ఎరుగనివానికి తిక్కన చేసిన పని సగమే కనబడుతుంది. లెక్కపెట్టవలసినది మొదటి నాలుగుసార్లు. లెక్క ఒంటబట్టిన తరువాత చెవి రాగం వెంట స్వేచ్ఛగా పోతుంది. చెక్కభజన నేర్చేవాడు మొదట అడుగులు లెక్కపెడతాడు, తరువాత పెట్టడు. అట్లాగని లెక్క పోలేదు; కాళ్ళలోకి దిగినది.

విద్యార్థి ఏ బృందాన్ని ముందు విన్నా చిక్కులేదు. టోక్యో గిటారుల నుంచి ఊరి డోలు దగ్గరకు రావచ్చు, డోలు నుంచి గిటారులకు పోవచ్చు. విదేశీ సంగీతం చెడగొడుతుందని భయపడే పెద్దలు, స్వదేశీ సంగీతాన్ని తాము చివరిసారి శ్రద్ధగా ఎప్పుడు విన్నారో చెప్పి మరీ భయపడడం ఉచితం.

ఛందస్సు పాఠానికి కేటాయించిన గంటలలో ఒక్కటి ఇందుకు చాలును. పాఠశాల వార్షికోత్సవానికి ఎట్లాగూ సన్నాయి మేళాన్ని పిలుస్తారు, అతిథి నడచివచ్చే రెండు నిమిషాల కోసం. అదే మేళాన్ని ముందురోజు తరగతి గదికి పిలిచి, తగిన పారితోషికం ఇచ్చి, బెంచీ మీద కాదు, ఉపాధ్యాయుని కుర్చీలో డోలు విద్వాంసుని కూర్చోబెట్టవచ్చు. పిల్లలు నల్లబల్ల మీద కందపు సగం పద్యానికి గణాలు వేస్తారు. ఆయన ఆ 32 మాత్రలనూ పుల్లతో ఒకసారి నడిపించి, తరువాత అందులోనే పదేసి అక్షరాల పలుకు మూడుసార్లు దింపుతాడు. మొదటి వాయింపుకు ఎవరికీ అందదు. రెండవసారికి వెనుక బెంచీలో ఎవరో ఒకరు వ్రేళ్ళు మడుస్తుంటారు.