ఉద్దానము నుండి ఎం.ఏ. తరగతికి

పలాస, టెక్కలి ప్రాంతములలో బి.ఏ. ముగించి ఆంగ్లసాహిత్యమున ఎం.ఏ. చదువగోరు విద్యార్థులకు తెలివి కొరత లేదు. దారి చెప్పువారే కరవు. 2008లో ఎచ్చెర్లలో విశ్వవిద్యాలయము నెలకొని చదువు చేరువైనది. కాని రాష్ట్ర విశ్వవిద్యాలయములకు 2021లో ఉమ్మడి ప్రవేశపరీక్ష మొదలైనది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమునకు వేరొక పరీక్ష, వేరొక గడువు. ఈ భేదము తెలియకయే పెక్కురు వెనుకబడుచున్నారు.

జీడితోటల కూలిబిడ్డకు షేక్స్పియరుతో పనియేమని అడుగువారు కలరు. శ్రీముఖలింగము చెంత పర్వతాలపేటలో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై, సవరల భాష నేర్చి, 1931లో దానికి ఆంగ్లమున వ్యాకరణము వెలయించిరి. పరభాషా పాండిత్యము పొరుగువారి నోటిమాటకు గౌరవము తెచ్చినది. ఉద్దానపు బిడ్డ సాహిత్యము చదివినచో తన తీరపు కష్టసుఖములను లోకమునకు తానే చెప్పుకొనగలదు.

కావున ఉపాధ్యాయ మహాశయులకు మా మనవి యొక్కటే. ప్రకటన వెలువడిన నాడే తమ పూర్వవిద్యార్థులకు కబురంపి, దరఖాస్తును దగ్గరుండి పూర్తి చేయింపుడు. గడువు తప్పినచో పోవునది ఒక యేడే యని తలపరాదు. పేదయింట పనిలో కుదిరిన బిడ్డ మరుసటి యేడు తరగతికి మరలివచ్చుట అరుదు.