చర్చిల నడుమ మట్టి దారి

జూలై 25 పునీత యాకోబు పండుగ. ఈ తేదీ ఆదివారం పడిన ఏడాదిని స్పెయిన్‌లోని సాంటియాగో డి కంపోస్టెలా నగరం పుణ్య సంవత్సరంగా జరుపుకుంటుంది. 2021 తర్వాత అలాంటి ఏడాది 2027. యాకోబు సమాధి ఉందని నమ్మే ఆ నగరానికి అప్పుడు జనం పోటెత్తుతారు, లోకం చూపంతా అటే ఉంటుంది. ఈ పండుగ నాడు మేం దారికి ఇవతలి కొస గురించి రాయదలిచాం. ఫ్రాన్స్ నడిబొడ్డు కొండల్లోని లె పుయి నుంచి నైరుతి దిక్కుగా పిరనీస్ పర్వతాల దాకా సుమారు 750 కిలోమీటర్ల కాలిబాట ఉంది. పల్లెల్లోంచి, పచ్చిక బీళ్లలోంచి, చేలగట్ల వెంట సాగే ఆ బాటకు వందల ఏళ్ల నాటి చర్చిలు మజిలీలు. ఆ చర్చిల గురించి ప్రపంచానికి బెంగ ఉంది. వాటిని కలిపే మట్టి దారి గురించి అందులో పదో వంతైనా లేదు. మా బాధ అదే.

ఫ్రాన్స్ నుంచి కంపోస్టెలా వెళ్లినట్టు రాతలో దొరికే తొలి యాత్రికుల్లో లె పుయి బిషప్ గొడెస్కాల్క్ ఒకరు. ఆయన 950లో పరివారంతో బయల్దేరి మరుసటి ఏడు తిరిగొచ్చారు. మధ్యలో స్పెయిన్‌లోని అల్బెల్దా మఠంలో ఆగినప్పుడు గొమెసానో అనే సన్యాసి ఆయన కోసం ఒక గ్రంథానికి నకలు రాసిపెట్టి, ఈ ప్రయాణం సంగతీ అందులో చేర్చాడు. ఆ నకలు పుణ్యమా అని బిషప్ యాత్ర మనదాకా వచ్చింది. ఆయన తిరిగొచ్చిన పదేళ్లకు, లె పుయి పక్కనే, చల్లారిన అగ్నిపర్వతం గొంతులో గడ్డకట్టి నిలిచిన 85 మీటర్ల రాతి స్తంభం మీద దేవదూత మిఖాయేలు పేర చిన్న చర్చి వెలిసింది. ఇప్పటికీ 268 మెట్లెక్కితే గాని దాని గడప తగలదు.

లె పుయి కెథెడ్రల్‌లో పొద్దున ఏడింటికి దివ్యబలిపూజ జరుగుతుంది. అది ముగిశాక ఫాదర్ యాత్రికులను యాకోబు విగ్రహం దగ్గరకు పిలిచి దీవిస్తారు. తర్వాత చర్చి నేలలో అమర్చిన ఇనుప కటకటాలు తెరుచుకుంటాయి. కింద మెట్లు. వీపున సంచులతో మనుషులు చర్చి కడుపులోంచి దిగి, ఎదురుగా కనిపించే వీధి పట్టుకుని ఊరి బయటికి నడిచిపోతారు. వాళ్లలో భక్తులున్నారు, ఆప్తులను పోగొట్టుకుని మనసు కుదుట పడక వచ్చినవాళ్లున్నారు, నడక తప్ప మరే పనీ పెట్టుకోనివాళ్లూ ఉన్నారు. నమ్మకం ఎంత ఉందని ఎవరినీ అడగరు. దీవెన అందరికీ ఒకటే.

వారం తిరక్కుండానే ఓబ్రాక్ పీఠభూమి ఎదురవుతుంది. సముద్ర మట్టానికి 1,300 మీటర్ల ఎత్తు, కనుచూపు మేర గడ్డి, రాతి గోడలు, కాటుక దిద్దినట్టు కళ్లున్న గోధుమ రంగు ఆవులు. వేసవిలో హాయిగా ఉండే ఈ నేల చలికాలంలో మనుషుల్ని మింగేది. అందుకే 1120 ప్రాంతంలో అదలార్డ్ అనే ఫ్లాండర్స్ ప్రభువు ఇక్కడ యాత్రికులకు సత్రం, ఆసుపత్రి కట్టించాడు. పొగమంచులో, మంచు తుపానులో దారి తప్పినవాళ్లకు దిక్కు తెలియడానికి అక్కడి గంట మోగిస్తూ ఉండేవారు. ఫ్రెంచి విప్లవంతో ఆ సత్రం మూతపడింది. చర్చి, గంట మిగిలాయి. నాస్బినాల్ నుంచి సెంత్ షెలీ దాకా ఈ పీఠభూమిని దాటే 17 కిలోమీటర్లలో కట్టడాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయినా యునెస్కో గుర్తించింది ఆ నడకనే. ఆ సంగతికి మళ్లీ వస్తాం.

ఈ దారిలో అన్నిటికంటే ఎక్కువసేపు నిలబడాల్సిన చోటు కోంక్. లోయ వాలులో ఇరుక్కున్న చిన్న పల్లె, దాని నడుమ పల్లెకు మించిన చర్చి. ఆ చర్చి కథ దొంగతనంతో మొదలవుతుంది. రోమన్ల కాలంలో అజాన్ పట్టణంలో మతం కోసం ప్రాణమిచ్చిన ఫ్వా అనే బాలిక అవశేషాలను 866 ప్రాంతంలో కోంక్ సన్యాసి ఒకడు ఎత్తుకొచ్చాడని మఠం కథనమే చెబుతుంది. వాటి కోసం కొయ్య మీద బంగారు రేకు తాపడం చేసి, మణులు పొదిగి, మూడడుగుల లోపు ఎత్తున్న విగ్రహాన్ని చేశారు. పదకొండో శతాబ్దం మొదట్లో బెర్నార్ అనే పండితుడు అంజే నుంచి వచ్చి, ఈ ప్రాంతపు విగ్రహాలను చూసి వెక్కిరించాడు. జూపిటర్, మార్స్ బొమ్మలకూ వీటికీ తేడా ఏమిటన్నాడు. కోంక్‌లో జనం భక్తి చూశాక మనసు మార్చుకుని, ఫ్వా మహిమల మీద పుస్తకమే రాశాడు. మఠం భూముల మీద తగాదా వస్తే సన్యాసులు ఆ విగ్రహాన్ని ఊరేగింపుగా అక్కడికి తీసుకెళ్లేవారని కూడా ఆ పుస్తకం చెబుతుంది. ఉత్సవ విగ్రహం ఊరి పొలిమేర దాకా కదిలి రావడం ఎరిగిన తెలుగు పాఠకుడికి ఇది వింతగా తోచదు.

పడమటి గుమ్మం మీద పన్నెండో శతాబ్దపు తొలినాళ్ల తుది తీర్పు శిల్పం ఉంది. 124 బొమ్మలు, అక్కడక్కడా నీలం, ఎరుపు రంగుల ఆనవాళ్లు. నడుమ క్రీస్తు ఒక చేయి పైకెత్తి, ఒక చేయి దించి కూర్చున్నాడు. ఆయన పాదాల కింద మిఖాయేలు, సైతాను ఎదురెదురుగా నిలబడి ఆత్మలను తూస్తున్నారు. సైతాను వేలితో తన వైపు పళ్లెం నొక్కుతున్నాడు. నరకంలో యోధుడొకడు గుర్రం మీంచి తలకిందులుగా పడుతుంటే, మెడలో డబ్బు సంచితో లోభి ఉరికి వేలాడుతున్నాడు. బిషప్పులు వలలో చిక్కుకున్నారు. తమ పెద్దలను తమ గుమ్మం మీదే నరకంలో చెక్కనిచ్చిన ఆ మఠం గుండె ధైర్యానికి మేం చేతులెత్తి దండం పెడతాం. ఇక శిల్పం అంచున రాతి పట్టీ ఉంది చూడండి, దాని వెనక నుంచి కొన్ని చిన్న ముఖాలు వేళ్లతో అంచు పట్టుకుని, కళ్లూ ముక్కూ మాత్రం బయటపెట్టి తొంగిచూస్తుంటాయి. ఎండలో నడిచొచ్చి తలెత్తి చూసే మనిషిని చెక్కినవాడు ఆనాడే తలచుకున్నాడనిపిస్తుంది.

ఇదంతా దానంతటదే మిగల్లేదు. విప్లవం రోజుల్లో చర్చి సొత్తును కరిగించకుండా కోంక్ ఊరివాళ్లు ఇళ్లలో దాచి, తర్వాత తిరిగిచ్చారు. కూలిపోయే దశలో ఉన్న కట్టడాన్ని 1837లో చారిత్రక కట్టడాల తనిఖీ అధికారి ప్రాస్పెర్ మెరిమే చూసి, ప్రభుత్వం చేత బాగు చేయించాడు. దగ్గర్లోని రొదెజ్‌లో పుట్టిన చిత్రకారుడు పియెర్ సులాజ్, కుర్రతనంలో ఇక్కడికొచ్చి కళకే జీవితం ఇవ్వాలని నిశ్చయించుకున్నవాడు, 1994 నాటికి రంగు లేని గాజుతో 104 కిటికీలు అమర్చాడు. పొద్దు తిరిగినకొద్దీ వాటి వెలుగే రంగు మారుతుంది. సన్యాసులు, ఊరివాళ్లు, అధికారి, చిత్రకారుడు: ఒక్కో తరంలో ఒక్కొక్కరు తమ కారణంతో ఈ చర్చిని కాపాడారు.

ఇదే దారిలో ముందున్న మ్వాసాక్‌కు అంత అదృష్టం పట్టలేదు. అక్కడి మఠం నడవా 1100లో పూర్తయిందని అందులోని రాతి పలకే చెబుతుంది. నాలుగు వైపులా 76 స్తంభ శీర్షాలు, ఒకదాన్ని పోలినది ఒకటి లేదు. పంతొమ్మిదో శతాబ్దంలో బోర్డో రైలు మార్గం కోసం మఠం భోజనశాలను కూల్చేశారు. నడవా త్రుటిలో తప్పించుకుంది. ఇప్పటికీ రైళ్లు గోడ పక్క నుంచే వెళతాయి.

నడిచే దారి సంగతికొద్దాం. నేడు జీఆర్ 65 అని పిలిచే ఈ బాటలో ప్రతి అడుగూ మధ్యయుగపు యాత్రికులు తొక్కిందే అనుకుంటే పొరపాటు. ఫ్రాన్స్ నుంచి నాలుగు దారులున్నాయని పన్నెండో శతాబ్దపు యాత్రా గ్రంథం ఒకటి చెప్పింది గాని, వాటికి గీతలు గీయలేదు. నడక ప్రియులు 1947లో సంఘం కట్టి దూర ప్రయాణపు కాలిబాటలకు గుర్తులు వేయడం మొదలుపెట్టారు. 1970ల మొదట్లో వాళ్లే పాత పశువుల బాటలు, పొలం దారులు వెతికి పట్టుకుని లె పుయి బాటను నిలబెట్టారు. పైన తెలుపు, కింద ఎరుపు, రెండు చిన్న గీతలు. చెట్ల బోదెల మీద, రాళ్ల మీద, స్తంభాల మీద వాటికి ఇప్పటికీ రంగు వేసేది ఎక్కువగా జీతం లేని ఊరివాళ్లే. యాత్రికుల వల్ల మూతపడబోయిన కిరాణా కొట్టు, రొట్టెల బట్టీ నిలబడిన పల్లెలు ఈ దారిలో ఉన్నాయి.

1998లో యునెస్కో ఫ్రాన్స్‌లోని కంపోస్టెలా దారులను ప్రపంచ వారసత్వంలో చేర్చింది. జాబితాలో 71 కట్టడాలున్నాయి, 7 దారి ముక్కలున్నాయి. ఆ ఏడూ లె పుయి బాటలోవే, అన్నీ కలిపి సుమారు 160 కిలోమీటర్లు. ఓబ్రాక్ దాటే నడక అందులో ఒకటి. మట్టి కూడా శిల్పంతో సమానమైన వారసత్వమని ఒప్పుకున్న ఆ నిర్ణయం గొప్పది. మరి ఆ సమానత్వం చేతల్లో ఏదీ?

చర్చికి సొంతదారుడున్నాడు. 1905 చట్టం మతాన్నీ ప్రభుత్వాన్నీ విడదీశాక కెథెడ్రళ్లు ప్రభుత్వానివి, పాత పారిష్ చర్చిలు దాదాపు అన్నీ గ్రామ కమ్యూన్‌లవి అయ్యాయి. పైకప్పు కారితే ఫాదర్ వెళ్లేది మేయర్ దగ్గరికే. రెండు వందల గడప లేని పల్లెకు అది మోయలేని బరువు. 2,500 నుంచి 5,000 దాకా చర్చిలు 2030 నాటికి పాడుబడడమో, అమ్ముడుపోవడమో, కూలడమో జరగవచ్చని 2022లో సెనేట్ నివేదిక హెచ్చరించింది. మరుసటి ఏడు చిన్న ఊళ్ల చర్చిల కోసం 20 కోట్ల యూరోల లక్ష్యంతో జాతీయ విరాళాల సేకరణ మొదలైంది. పారిస్ నోత్రదామ్ కాలిపోయినప్పుడు ఒక్క కట్టడానికే 80 కోట్లు దాటి వచ్చాయి. ఆ దాతలను మేం తప్పు పట్టం. పల్లెకు వచ్చేసరికి చేయి ముడుచుకోవద్దని మాత్రం అడుగుతాం.

దారికి ఆ పాటి దిక్కు కూడా లేదు. గ్రామీణ దారి కమ్యూన్ ఆస్తే అయినా, పక్క రైతు కలిపి దున్నుకుని ముప్పై ఏళ్లు ఎదురులేకుండా అనుభవిస్తే అతనిదైపోవచ్చు. యుద్ధం తర్వాత యంత్రాలకు వీలుగా కమతాలు కలిపినప్పుడు ఎన్నో బాటలు చేలల్లో కలిసిపోయాయి. 1983 చట్టం జిల్లా స్థాయి నడకదారుల ప్రణాళికలు తెచ్చింది. ఆ ప్రణాళికలో చేరిన దారిని అమ్మాలంటే బదులు దారి చూపాలి. పేరున్న జీఆర్ 65కు ఈ అండ ఉంది. పక్క ఊరి చర్చికి, వాగు అవతలి ప్రార్థనాలయానికి చీలిపోయే పేరు లేని బాటల్లో చాలా వాటికి లేదు. ఎస్పాలియాన్ దాటాక బెస్సుయెజూల్ అనే చోట గంట గోపురంలో ఇరుకైన అరిగిన మెట్లెక్కితే పైన పదకొండో శతాబ్దపు చిన్న ప్రార్థన గది, చెక్కిన బలిపీఠం కనిపిస్తాయి. అది గుర్తుల బాట మీద ఉంది కాబట్టి మనుషులు వస్తున్నారు. బాటకు దూరంగా ఉన్న చర్చి తలుపుకు తాళమే ఉంటుంది. అక్కడికి నడిచే దారి చచ్చిపోయాక దాని పైకప్పు కోసం చందా అడిగేవాడూ మిగలడు.

2022 నాటి మరో చట్టం కమ్యూన్‌లకు ఒక అవకాశం ఇచ్చింది. తమ గ్రామీణ దారులన్నీ లెక్కరాయాలని పాలకవర్గం తీర్మానిస్తే, ఆ పని జరిగినంతకాలం, రెండేళ్లకు మించకుండా, ఆక్రమణదారుడి గడియారం ఆగుతుంది. పెద్ద ఖర్చేమీ లేని పని ఇది. పాత పటాలు తీయాలి, ముసలివాళ్లను అడగాలి, కాళ్లతో తిరిగి చూడాలి. 2027 లోపు ఈ బాట పొడవునా ఉన్న ప్రతి కమ్యూన్ ఆ తీర్మానం చేయాలి. కంపోస్టెలా దారి పేరు చెప్పి పర్యాటకులను పిలిచే జిల్లాలు సర్వేకు మనుషులను, డబ్బును ఇవ్వాలి. దుమ్ము లేకుండా చేస్తామంటూ మట్టి బాటల మీద తారు పోయడం మానాలి. ఇక నడిచేవాళ్లు, వీలైతే రోజుకొకసారైనా గుర్తుల బాట విడిచి పక్క చర్చి దాకా వెళ్లాలి. తాళం వేసి ఉంటే మేయర్ ఆఫీసులో తాళంచెవి అడగాలి. ఆ తాళంచెవి అడిగేవాళ్లు ఏడాదికి ఎందరో పల్లె లెక్క చెప్పగలిగితే, పైకప్పు నిధుల కోసం రాసే అర్జీలో ఆ అంకె పనికొస్తుంది.