పసిబిడ్డకు సూది వేసేదెవరు?

నిరుడు వానాకాలంలో మా మండలంలోని ఒక కొండ గూడెంలో పదకొండు రోజుల పసికందు పాలు తాగడం మానేసింది. ఆ గూడెం ఆశ కార్యకర్త వచ్చి చూశారు. ఒళ్లు చల్లబడిందనీ, ఊపిరి జోరుగా తీస్తోందనీ గుర్తించారు. అది తప్పు కాదు, ఆమెకు నేర్పింది అదే. ఆ తరువాత ఆమె చేయగలిగింది ఒక్కటే: "ఆసుపత్రికి తీసుకుపోండి" అని చెప్పడం. కాని గెడ్డ పొంగి వుంది. మర్నాడు నీరు తీశాక డోలీ కట్టారు. అదృష్టం బాగుండి బిడ్డ దక్కింది. ఎన్ని ప్రాణాలను అదృష్టానికి వదిలేస్తాం?

కాగితం మీద చూస్తే మన పిల్లలకు మనుషుల కొదువ లేదు. 1975 అక్టోబరు 2న మొదలైన పథకం కింద అంగన్‌వాడీలు వచ్చాయి. 2005 తరువాత ఆశ కార్యకర్తలు వచ్చారు. కొండ ప్రాంతంలో మూడు వేల జనాభాకు ఒక ఉప కేంద్రం, అందులో ఏ.ఎన్.ఎం. వుండాలన్నది నియమం. 2018 తరువాత బి.యస్సీ. నర్సింగ్ చదివిన ఎం.ఎల్.హెచ్.పి.లు కూడా చేరారు. నలుగురు వున్నారు సరే, ఎవరి పని ఎంతవరకు? ఒకే బిడ్డ బరువును ఇద్దరు రాస్తారు, ఇద్దరూ ఫోనులో ఎక్కిస్తారు. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కడంతోనే పొద్దు పోతుంది. సూది వేయవలసిన వేళకు ఆ చేయి గూడెంలో వుండదు.

నియమాలు లేక కాదు ఈ దుస్థితి. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను ఆశ కార్యకర్త 42 రోజుల్లోగా ఆరుసార్లు ఇంటికి వెళ్లి చూడాలి. ఇంట్లో పుడితే ఏడుసార్లు. రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు, అంతకు మించి ఊపిరి తీస్తే ప్రమాదం. ఒళ్లంతా క్రిములు పాకే ఈ జబ్బును డాక్టర్లు సెప్సిస్ అంటారు. అటువంటి బిడ్డకు అమాక్సిసిలిన్ మందు పట్టి, జెంటామైసిన్ సూది మొదటి మోతాదు వేసి ఆసుపత్రికి పంపడానికి ఏ.ఎన్.ఎం.లకు 2014లోనే కేంద్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. తీసుకుపోవడం సాధ్యం కాకపోతే మొత్తం వైద్యం తనే చేయవచ్చు. ఈ సంగతి మన గూడేల్లో ఎంతమంది తల్లులకు తెలుసు?

చదువు తక్కువ వారికి సూది అప్పగించవచ్చునా అని కొందరు అడుగుతారు. భయం సహజమే. తెలంగాణ సరిహద్దును ఆనుకుని వున్న మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 39 గ్రామాల్లో కొద్దిపాటి చదువున్న పల్లె స్త్రీలకు ఈ పని నేర్పారు. వారు బిడ్డను తూచారు, ఊపిరి లెక్కించారు, సూది కూడా వేశారు. ఆ పని జరగని గ్రామాలతో పోల్చితే మూడో ఏటికి పుట్టిన 28 రోజుల లోపు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రకటించారు. అయితే వారిని ఊరికే వదిలేయలేదు. వెనుక తనిఖీ వుంది, డాక్టరు వున్నారు. కిటుకు అక్కడే వుంది.

మనకూ అదే పద్ధతి కావాలి. గూడెంలో వుండి కువి గాని, ఆదివాసీ ఒరియా గాని మాట్లాడే ఆశ కార్యకర్త బిడ్డను కనిపెట్టాలి. తిండి, బరువు అంగన్‌వాడీ చూడాలి. ఏ.ఎన్.ఎం. సంచిలో ఆ రెండు మందులు ఎప్పుడూ వుండాలి, రాతపని తగ్గించి ఆమెను గూడేలకు పంపాలి. ఎం.ఎల్.హెచ్.పి. కేంద్రంలోనే కూర్చోకుండా వారంలో ఒక రోజు నడిచి వెళ్లి, కిందివారి పని సరిచూసి నేర్పాలి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పసిపిల్లల వైద్యంలో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సు ఒకరైనా వుండాలి. అరకు నుంచి విశాఖ కె.జి.హెచ్. సుమారు 115 కిలోమీటర్లు. పిల్లల డాక్టరును ప్రతి కొండకూ తేలేం. ఆ డాక్టరు మాట అందుకుని చేసే చేతినైనా తేవచ్చు కదా!

మన బాధ్యత కూడా వుంది. బిడ్డ పాలు మానేస్తే రేపు చూద్దాం అనకూడదు. గ్రామసభలో రోడ్డు, నీళ్లు అడిగినట్టే "మా గూడేనికి ఏ.ఎన్.ఎం. ఏ రోజు వస్తారు? సంచిలో ఆ మందు వుందా?" అని అడగాలి. పాడేరులోని జిల్లా వైద్యాధికారులు వర్షాలు రాకముందే ఎవరి పని ఏదో రాసి ప్రతి గూడెం అంగన్‌వాడీ గోడ మీద అంటించాలి. గెడ్డ పొంగిన తరువాత అడిగి ఏం లాభం?