హరామ్ అన్న మాటతో బాధ్యత తీరదు

‘మన ఇళ్లలో మద్యం సమస్య లేదు.’ మన సభల్లో తరచూ వినిపించే మాట ఇది. వినడానికి గౌరవంగానే ఉంటుంది. కాని పదహారేళ్ల కొడుకు అర్ధరాత్రి ఇంటికి చేరి, ముఖం చూపకుండా తలుపు వేసుకునే ఇంట్లో తల్లి నోరు నొక్కేది కూడా ఈ మాటే.

కుంగుబాటు, మద్యం ఒకదాన్నొకటి పెంచి పోషిస్తాయి. ఈ వయసులో కుంగుబాటు ఎల్లప్పుడూ కన్నీరుగా కనిపించదు. చిరాకుగా, కోపంగా, చదువుపై విముఖతగా బయటపడుతుంది. ఆ బాధను మరిచేందుకు కొందరు సీసా అందుకుంటారు. మద్యం కాసేపు మత్తునిచ్చి, నిద్రను చెడగొట్టి, మరునాటి దిగులును రెట్టింపు చేస్తుంది. కౌమారంలో నిగ్రహాన్నిచ్చే మెదడు భాగం ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. మద్యం ఉన్న కాస్త నిగ్రహాన్నీ లాగేస్తుంది. అందుకే ఈ రెండూ కలిసిన చోట ఆత్మహత్య ముప్పు పెరుగుతుంది.

దీనికి మన జవాబేమిటి? తిట్లు, దెబ్బలు, తావీజులు! మద్యం హరామ్, అందులో రెండో మాట లేదు. అయితే తాగి శిక్ష పొందిన ఒక వ్యక్తిని పక్కవారు శపించినప్పుడు ప్రవక్త ముహమ్మద్ (స) వారించారని బుఖారీ హదీసు చెబుతోంది. శిక్ష పడినవాణ్నే శపించవద్దన్న ధర్మం, జబ్బుపడిన పిల్లవాణ్ని వెలివేయమంటుందా?

ప్రభుత్వాల సంగతీ చూద్దాం. మద్యనిషేధానికి కృషి చేయాలని రాజ్యాంగం 47వ అధికరణం ఆదేశిస్తోంది. దూబగుంట మహిళలు రగిల్చిన సారా వ్యతిరేక ఉద్యమ ఫలితంగా 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధం 1997లోనే ముగిసింది. నేడు రెండు తెలుగు రాష్ట్రాల ఖజానాలకూ మద్యమే పెద్ద ఆసరా. 21 ఏళ్లు నిండనివారికి అమ్మరాదన్న నిబంధనను దుకాణం ముందు నిలబడి అమలు చేయించేదెవరు? మద్యం వల్ల కలిగే మానసిక స్థితులను 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వ్యాధిగా గుర్తించి, చికిత్సను హక్కుగా ప్రకటించింది. అమ్మకంపై ఉన్న శ్రద్ధ ఈ హక్కుపై ఎందుకు లేదు?

ప్రతి మైనారిటీ గురుకులంలో, మన బస్తీల ప్రతి ప్రభుత్వ పాఠశాలలో, ఉర్దూలో కూడా మాట్లాడగల శిక్షణ పొందిన మానసిక సలహాదారు ఉండాలి. ఇది దయ కాదు, హక్కుగా అడగవలసిన డిమాండు. మస్జిద్ కమిటీలు కూడా జుమా నమాజు తర్వాత టెలి మానస్ ఉచిత సహాయ సంఖ్య 14416ను ప్రకటించాలి.

పరువు కోసం దాచిన జబ్బు ముదురుతుంది. పిల్లవాడు పోయాక మిగిలే పరువు ఎవరికోసం?